బీర్పూరు పొయ్యిమీద స్ట్రోగనోవ్ వంటకము

ఇప్పుడు మీకు కనిపించుచున్నది జగిత్యాల జిల్లాలోని బీర్పూరు. అల్లదిగో, గుట్టమీద లక్ష్మీనరసింహస్వామి కోవెల, ఇటువైపు రోళ్లవాగు. ఈ యూరి పెంకుటింటి వంటగదిలో నేడు మనము వండబోవునది రష్యాదేశపు కూర, పేరు బీఫ్ స్ట్రోగనోవ్.

ఉప్పు వ్యాపారముతోను, ఉరల్ సీమలోని భూములతోను కుబేరులై, పీటర్స్‌బర్గులో నెవ్‌స్కీ వీథిని రాస్ట్రెల్లి యను వాస్తుశిల్పిచేత మహాసౌధమును కట్టించుకొన్న స్ట్రోగనోవ్ వంశీయుల పేరు ఈ వంటకమునకు దక్కినది. ఒడెస్సాలో అలెగ్జాండర్ స్ట్రోగనోవ్ ప్రభువు వచ్చినవారికెల్ల భోజనము పెట్టెడివాడనియు, అంతమందికి సులువుగా పంచుటకై అతని వంటవాడు దీనిని కల్పించెననియు ఒక కథ కలదు. 1891లో జరిగిన పాకపోటీలో షార్ల్ బ్రియేర్ అను ఫ్రెంచివాడు దీనిని సృష్టించెననుట మరియొక కథ. ఈ రెండవది నిలువదు. ఏలయన, అంతకు ఇరువదియేండ్లకు మున్నే, 1871 నాటి ఎలెనా మొలొఖొవెత్స్ పాకగ్రంథమునందు ఇది కనబడుచున్నది. అందులో ఉల్లి లేదు, పుట్టగొడుగులు లేవు. చదరముగా కోసిన మాంసపు ముక్కలు, ఆవముద్ద, మాంసరసము, కొద్దిగా పులిసిన మీగడ. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో అలెగ్జాండ్రోవా-ఇగ్నాత్యేవా తన పాకగ్రంథమున ఉల్లిని, టొమాటోను చేర్చినది. పిదప అమెరికాలో పుట్టగొడుగులు, నూడుల్సు వచ్చి కలిసినవి. స్వీడనులో సాసేజీతో వండుదురు. బ్రెజిలులో కోడిమాంసముతో వండి అన్నముతో తిందురు.

మన హైదరాబాదులో కల్యాణి బిర్యానీ చరిత్రయు ఇట్టిదే. బీదరు ప్రాంతపు కల్యాణినుండి వచ్చిన నవాబుల పేరు మోయుచు, చిన్న ముక్కలుగా కోసిన పెద్దకూరతో, టొమాటో, జీలకర్ర, ధనియాల వాసనతో అది నేడు పేదవాని బిర్యానీయై నిలిచినది. రెంటియందును ప్రభువు పేరే మిగిలినది. మొదట గరిటె త్రిప్పిన చేయి యెవరిదో చెప్పువారు లేరు. ఈ అన్యాయము నన్ను చిరకాలముగా బాధించుచున్నది.

ఇక పొయ్యి దగ్గరకు రండు. ఈ యింట పెద్దకూర తినరు గనుక బ్రెజిలు వారివలె కోడినే తీసికొన్నాము. రష్యావారి స్మెతానాకు, అనగా ఆ పులిసిన మీగడకు బదులు, ఈ యింటి పెద్దమ్మ నాలుగుదినములు కూడబెట్టి తోడువేసిన మీగడ. ఆవాలు ఆమెయే రోట నూరినది. ముక్కలు వేగి అంచులు ఎఱ్ఱబడినవి. నేను తొందరపడి మీగడ గిన్నె నెత్తగా ఆమె నా చేయి పట్టి ఆపినది.

"ఆగు బిడ్డా, మంట మీద పోస్తే ఇరుగుతది. దింపినంక కలుపు."

ఆమె స్ట్రోగనోవ్ పేరు నేటివరకు విన్నది కాదు. ఐనను ఆ కూరకు ప్రాణమైన కిటుకు ఆమె చేతికి తెలిసియున్నది. దింపి, ఆవిరి కొంత తగ్గినపిమ్మట, గంటెడు గంటెడుగా కలిపినది. రసము విరుగలేదు, లేత గంధపు రంగున చిక్కబడి గంటెకు అంటుకొన్నది. వేడి యన్నములో కలిపి తినగా ముందు ఆవఘాటు ముక్కునకెక్కి, పిదప పులుపు మెల్లగా నాలుకపై నిలిచినది.

ఈ దృశ్యము ముగియగానే తెరమీద పేర్లు వచ్చును. వానిలో మొదటి పేరు ఆమెది.