పొట్టమీద పడే దెబ్బ

పిల్లలూ! బాక్సింగు పోటీ జరుగుతున్నప్పుడు మీరు ఎక్కడ చూస్తారు? ముఖాలకేసి చూస్తారు. అందరూ అక్కడే చూస్తారు. గ్లౌజు వెళ్ళి దవడకు తగిలితే తల గిర్రున తిరుగుతుంది, చెమట తుంపరలు లేస్తాయి, జనం ఓహో అని అరుస్తారు. అదే గ్లౌజు పక్కటెముకల కింద తగిలిందనుకోండి. ఏమీ కనపడదు. ధప్పుమని ఒక చిన్న చప్పుడు, అంతే. దెబ్బతిన్నవాడు పెదవి కూడా విరవడు. చూసేవాళ్ళు దాన్ని లెక్కలోకే తీసుకోరు. అయినా ఎన్నో పోటీలను గెలిపించింది ఆ చిన్న చప్పుడే.

పదవీ విరమణ చేసిన హెడ్మాస్టరుకు ముష్టియుద్ధంతో ఏం పని అని మీ నాన్నగారు అడగవచ్చు. నేను నా జన్మలో గ్లౌజు తొడిగినవాణ్ణి కాను. నాకీ పని పెట్టింది నా మనవరాలు. 2022 మే 19న ఇస్తాంబుల్ నగరంలో మన నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ థాయ్‌లాండు దేశపు జిత్‌పాంగ్ జుతామస్‌ను ఓడించి, 52 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయింది. ఆ మరుసటి సంవత్సరమే ఢిల్లీలో 50 కిలోల తరగతిలో వియత్నాం అమ్మాయి న్గుయెన్ థి తామ్‌ను గెలిచి రెండోసారి కిరీటం తెచ్చుకుంది. అదే 2023లో నిజామాబాదు కుర్రవాడు మహమ్మద్ హుసాముద్దీన్ తాష్కెంటులో జరిగిన ప్రపంచ పోటీల్లో కంచు పతకం గెలిచాడు. ఇక చూడండి, మా ఇబ్రహీంపూర్‌లో కూడా పిల్లలు గోలీలాట మానేసి పిడికిళ్ళు బిగించడం మొదలుపెట్టారు. వాళ్ళలో మా మనవరాలు ఒకతె.

ఒకనాడు సెల్‌ఫోనులో ఏదో పోటీ చూస్తూ అది అన్నది: "తాతా, ఈమె ఊకె కడుపుల గుద్దుతది. కడుపుల గుద్దితే ఎవరన్న గెలుస్తరా? మొకం మీద కొట్టాలె గద!"

ప్రశ్న అడిగిన పిల్లకు జవాబు చెప్పకుండా ఉండటం ముప్పై ఏళ్ళు బడిలో పాఠం చెప్పినవాడికి చేతకాదు. చదివాను, పాత పోటీలు చూశాను, మానవ శరీరం పాఠం మళ్ళీ తిరగేశాను.

ముందు శరీరం సంగతి. మీ ఛాతీకీ పొట్టకూ మధ్య గొడుగులాగా వంగి ఉన్న కండరం ఒకటి ఉంది. దాని పేరు ఉదరవితానం. అది కిందికి దిగితే ఊపిరి లోపలికి వస్తుంది, పైకి లేస్తే బయటికి పోతుంది. పక్కటెముకలు రెండువైపులా విడిపోయే చోట, బొడ్డుకు పైన, ఒక మెత్తటి గుంట ఉన్నది చూశారా? దాని వెనుక నాడుల గుంపు ఒకటి సూర్యకిరణాల్లాగా నాలుగువైపులా వ్యాపించి ఉంటుంది. అందుకే దానికి సోలార్ ప్లెక్సస్ అని పేరు పెట్టారు. అక్కడ గట్టి దెబ్బ తగిలితే ఉదరవితానం బిగుసుకుపోతుంది. గాలి చుట్టూ ఉన్నా లోపలికి రాదు. నేను పనిచేసిన ఒక బడిలో ఆటవిడుపు వేళ ఒక కుర్రవాడికి కబడ్డీలో మోకాలు అక్కడే తగిలింది. నోరు తెరిచాడు, కళ్ళు పెద్దవి చేశాడు, కేక మాత్రం రాలేదు. మిగతా పిల్లలు వాడు నటిస్తున్నాడనుకుని నవ్వారు. మోకాళ్ళు ముడిచి కూచోబెడితే నిమిషంలో ఊపిరి తిరిగింది. ఆ నిమిషం వాడికి ఎంత పొడుగ్గా ఉండి ఉంటుందో!

ఇంకొక చోటు కుడివైపు పక్కటెముకల కింద ఉంది. అక్కడ ఉండేది కాలేయం. శరీరం లోపలి అవయవాల్లో అదే అన్నిటికన్నా పెద్దది, పెద్దవాళ్ళలో సుమారు ఒకటిన్నర కిలో తూగుతుంది. పైభాగాన్ని ఎముకలు కాపాడతాయి గాని, కింది అంచుకు అంత కాపుదల లేదు. అక్కడ దెబ్బ తగిలిన క్షణంలో కాదు, ఒక్క క్షణం ఆగి నొప్పి వస్తుంది. రక్తపు పోటు పడిపోతుంది, కాళ్ళల్లో బలం పోతుంది. వింత ఏమిటంటే తెలివి తప్పదు. రిఫరీ అంకెలు లెక్కపెట్టడం చక్కగా వినపడుతూనే ఉంటుంది, లేవాలని మనసుకు ఉంటుంది. ఒళ్ళు మాత్రం మాట వినదు.

ఎదురుగా నిలుచున్నవాడి కుడివైపు మనకు ఎడమవైపు అవుతుంది కదా! అందుకే కాలేయం మీదికి వెళ్ళేది ఎడమచెయ్యి. మోచెయ్యి కొడవలిలాగా వంచి పక్కనుంచి తిప్పి కొడతారు. దాన్ని ఎడమ హుక్కు అంటారు. హనుమంతుడు లంకిణిని ఆడదిగదా అని ఎడమచేతి పిడికిలితో మెల్లిగా పొడిచాడని వాల్మీకి రామాయణంలో ఉంది. ఆ ఎడమ పిడికిలికే ఆమె కూలిపోయింది. ఎక్కడ తగిలిందో వాల్మీకి చెప్పలేదు. నాకు మాత్రం అనుమానంగానే ఉంది!

ఇప్పుడు కథ. అమెరికాలో జేమ్స్ కార్బెట్ అనే బాక్సరు ఉండేవాడు. బలంతో గాక తెలివితో, కాళ్ళ వేగంతో పోరాడే నేర్పరి. 1892లో జాన్ సల్లివన్ అనే వీరుణ్ణి ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. అతని మీదికి బాబ్ ఫిట్జ్‌సిమ్మన్స్ వచ్చాడు. ఇతను ఇంగ్లండులో పుట్టి న్యూజిలాండులో పెరిగినవాడు, వృత్తికి కమ్మరి. కార్బెట్ కన్నా తక్కువ బరువు, కాళ్ళు సన్నం. కొలిమి దగ్గర సుత్తి ఎత్తి ఎత్తి భుజాలు మాత్రం ఎద్దు మూపుల్లా తయారయ్యాయి. 1897 మార్చి 17న నెవాడా రాష్ట్రంలోని కార్సన్ సిటీలో ఇద్దరూ తలపడ్డారు. ఆరో రౌండులో కార్బెట్ కొట్టిన దెబ్బకు కమ్మరి మోకాళ్ళమీద కూలబడ్డాడు. ముఖమంతా నెత్తురు. అందరూ అయిపోయిందనుకున్నారు. అతను లేచాడు. గోదా పక్కన కూచున్న అతని భార్య, ముఖం వదిలి పక్కటెముకల మీద కొట్టమని కేకలు వేసిందని చెప్పుకుంటారు. ఆమె చెప్పిందో, అతనికే తోచిందో, పద్నాలుగో రౌండులో అతని ఎడమచెయ్యి కార్బెట్ పొట్టపైని ఆ మెత్తటి గుంటలో దిగింది. కార్బెట్ మోకాళ్ళమీద పడ్డాడు. తెలివి ఉంది, ఊపిరి లేదు. పది లెక్కపెట్టేలోగా లేవలేకపోయాడు. సోలార్ ప్లెక్సస్ అనే మాట వైద్య గ్రంథాల్లోంచి వీధిలోకి వచ్చింది ఆ రోజునే. ఆ పోటీని సినిమాగా కూడా తీశారు. గంటన్నరకు పైగా నడిచిన ఆ చిత్రం ఆ కాలానికి అన్నిటికన్నా పొడుగైనది.

మన కాలానికి దగ్గరిది ఒకటి చెబుతాను. ఆస్కార్ డి లా హోయా 1992 బార్సిలోనా ఒలింపిక్సులో బంగారు పతకం గెలిచినవాడు. 2004 సెప్టెంబరు 18న లాస్ వేగాస్‌లో బెర్నార్డ్ హాప్కిన్స్ కొట్టిన ఒకే ఒక్క ఎడమ దెబ్బ, తొమ్మిదో రౌండులో, అతని కాలేయం మీద తగిలింది. డి లా హోయా నేలమీద పడి, లేవలేక, పిడికిలితో గోదా నేలను కొట్టుకున్నాడు. తల మీద దెబ్బతిన్నవాడికి తాను ఓడిపోతున్న సంగతి తెలియకపోవచ్చు. ఇతనికి తెలుసు. అది చూసి మా మనవరాలు చాలాసేపు మాట్లాడలేదు.

అయితే ఒక్క దెబ్బతో పడగొట్టడం అరుదు. పొట్టమీది దెబ్బ అసలు పని వేరు. మా ఇబ్రహీంపూర్ ఇంకుడు గుంతలకు పేరుపడ్డ ఊరు. గుట్టల మీద కందకాలు తవ్వారు, ఇళ్ళ దగ్గర గుంతలు తీశారు. వాన పడ్డనాడు వచ్చి చూస్తే మీకు గొప్పగా ఏమీ కనపడదు. నీళ్ళు గుంతలోకి వెళ్ళాయి, మాయమైనాయి. ఎండాకాలంలో బోరు వేసి చూడండి, అప్పుడు తెలుస్తుంది. పొట్టమీది దెబ్బలు కూడా అలాగే ఇంకుతాయి. మొదటి రౌండులో తగిలింది మొదటి రౌండులో కనపడదు. ప్రతి దెబ్బా కాస్త కాస్త దమ్ము తీసుకుపోతుంది. కాళ్ళు బరువెక్కుతాయి. గెంతుతూ తప్పించుకునేవాడు నిలబడిపోతాడు. ఇంకొక సంగతి, రెండుసార్లు పక్కటెముకలకు తగిలినవాడు మూడోసారి తగలకుండా మోచేతులు కిందికి దించుతాడు. మోచేతులు దిగితే గ్లౌజులు దిగుతాయి. గ్లౌజులు దిగితే ముఖానికి కాపలా ఉండదు. అప్పుడు జనమంతా చూసి అరిచే ఆ దవడ దెబ్బ పడుతుంది. దానికి దారి తీసింది ఎప్పుడో పడిన ధప్పుమనే చప్పుడు.

ఇదేదో మంత్రం అనుకోకండి. పొట్టమీద కొట్టాలంటే దగ్గరికి వెళ్ళాలి, మోకాళ్ళు వంచాలి, చెయ్యి కిందికి దించాలి. ఆ క్షణంలో మన గడ్డం ఎదుటివాడికి అప్పజెప్పినట్టే. పైగా కొట్టినవాడు కూడా అలిసిపోతాడు. 1974 అక్టోబరు 30న ఆఫ్రికాలో, అప్పట్లో జైర్ అని పిలిచే దేశపు రాజధాని కిన్షాసాలో, జార్జ్ ఫోర్మన్ మహమ్మద్ అలీని తాళ్ళకు అదిమి కొట్టాడు, కొట్టాడు. అలీ చేతులు అడ్డం పెట్టి, తాళ్ళమీద వెనక్కి వాలి, చాలా దెబ్బలు మోచేతులమీదనే పోనిచ్చాడు. ఎనిమిదో రౌండుకు అలిసిపోయినవాడు ఫోర్మనే. అలీ వరసగా చురుకైన దెబ్బలు వేసి అతణ్ణి పడగొట్టాడు. మోచేతికి తగిలే దెబ్బ పొట్టకు ఇంకదు మరి!

నిఖత్ ఆడే పోటీ మూడు రౌండులే, ఒక్కొక్కటి మూడు నిమిషాలు. పెద్ద పందేల పన్నెండు రౌండుల్లో ఇంకినంత ఇందులో ఇంకడానికి వ్యవధి లేదు. అయిదుగురు న్యాయనిర్ణేతలు చూసి, రౌండు గెలిచినవారికి పది, ఓడినవారికి తొమ్మిదో అంతకన్నా తక్కువో మార్కులు వేస్తారు. పూర్వం, 1992 ఒలింపిక్సు మొదలు 2013 దాకా, న్యాయనిర్ణేతలు మీటలు నొక్కే పద్ధతి ఉండేది. అయిదుగురిలో ముగ్గురు ఒక్క సెకను లోపల నొక్కితేనే దెబ్బ లెక్కకు వచ్చేది. మోచేతుల చాటున పడే దెబ్బ ముగ్గురికి ఒకేసారి ఎలా కనపడుతుంది? పొట్టమీద కొట్టినా లాభం లేదని అప్పట్లో ఆటగాళ్ళు వాపోయేవారు. పరీక్షలో సరిగా రాసినా మార్కు పడకపోతే పిల్లవాడు ఆ పాఠం చదవడం మానేస్తాడు. ఆ పద్ధతి పోవడం మంచిదయిందని నా అభిప్రాయం.

ఎక్కడపడితే అక్కడ కొట్టడానికి మాత్రం వీలులేదు. నడుముపట్టీకి కింద కొడితే తప్పు. వీపుమీద, మూత్రపిండాలమీద కొట్టినా తప్పే. ఈ నియమం మనకు కొత్త కాదు. గదాయుద్ధంలో నాభికి కింద కొట్టరాదు. భీముడు దుర్యోధనుడి తొడలు విరగ్గొడితే బలరాముడు నాగలి ఎత్తుకుని మీదికి వచ్చింది అందుకే గదా! ఈనాటి రిఫరీ నాగలి ఎత్తడు, మార్కు కోస్తాడు.

ఒక మాట తల్లిదండ్రులు కూడా వినాలి. బాక్సరు దెబ్బ వస్తుందని ఎరిగి పొట్ట బిగించి ఉంటాడు. బిగించిన కండరం కవచం. ఎరగనివాడి పొట్ట వట్టి మెత్తటి సంచి. హౌడినీ అనే గొప్ప ఇంద్రజాలికుడు 1926 అక్టోబరు 22న కెనడాలోని మాంట్రియల్‌లో సోఫామీద వాలి ఉండగా ఒక విద్యార్థి అతని పొట్టమీద గుద్దాడు. తొమ్మిది రోజులకు, అక్టోబరు 31న, అపెండిక్సు పగిలి విషం వ్యాపించి హౌడినీ చనిపోయాడు. ఆ గుద్దే కారణమా, జబ్బు ముందునుంచే ఉందా అనేదానిమీద వైద్యులు ఒక మాటమీద లేరు. అయినా బడిలో "నా పొట్ట ఎంత గట్టిదో చూడు" అనే ఆట కనపడితే నేను వెంటనే ఆపించేవాణ్ణి. కడుపుమీద దెబ్బ తగిలి నొప్పి తగ్గకపోయినా, ముఖం పాలిపోయినా, ఇంటివైద్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఎడమవైపు ప్లీహం ఉంటుంది, దానికి గాయమైతే లోపలే నెత్తురు కారుతుంది.

మా కోడలికి ఈ ఆట ఇష్టం లేదు. "మొకం పలిగితే రేపు జవాబు ఎవరు చెప్తరు, మామయ్యా?" అని అడిగింది. ఆమె భయం ఉత్తది కాదు. తలమీద పదేపదే పడే దెబ్బలు మెదడును పాడుచేస్తాయని వైద్యులు 1928 నుంచి చెబుతూనే ఉన్నారు. పొట్టమీది దెబ్బ మెదడును కదిలించదు. అయితే పొట్టమీద మాత్రమే కొట్టుకునే బాక్సింగు ఎక్కడా లేదు. ఈ రెండు మాటలూ ఆమెకు దాచకుండా చెప్పాను. ఆమె ఇంకా ఏమీ తేల్చలేదు.

మనవరాలు మాత్రం గోనెసంచిలో ఊక కూరి వేపకొమ్మకు వేలాడదీసింది. దాని తమ్ముడు సుద్దముక్కతో సంచిమీద కాలేయం గీశాడు. కుడివైపు గీశాడు. "ఇది నా కుడి, సంచి కుడి కాదు!" అని అది కేకలు వేసింది. వాడు కాసేపు సంచి వెనక్కి వెళ్ళి నిలుచుని, తన పక్కటెముకలు తడుముకుని చూసుకున్నాడు. ఆ తరువాత తడిగుడ్డ తెచ్చి తుడిచి, ఎడమవైపు గీశాడు. మా కోడలు చాట చేతిలో పట్టుకుని గడపలో నిలుచుని అంతా చూస్తూనే ఉంది.