అమేలీ వీధి ఎవరు ఊడ్చారు?

నవ్వించి పంపిన సినిమాను తిట్టాలంటే గుండె ధైర్యం కావాలి. 2001 ఏప్రిల్‌లో విడుదలైన జాన్ పియర్ జెనే ‘అమేలీ’ని ఫ్రాన్స్ నెత్తిన పెట్టుకుంది. సాక్షాత్తు అధ్యక్షుడు షిరాకే ఎలీజే భవనంలో ప్రదర్శన వేయించుకున్నారు. సరిగ్గా ఆ ఊపులో, మే నెలాఖరున, సెర్జ్ కగాన్‌స్కీ అనే విమర్శకుడు ‘లిబెరాసియోన్’ పత్రికలో సినిమాను ఉతికి ఆరేశాడు. ఇందులో పారిస్‌ను కడిగి తుడిచేశారు, వలస వచ్చినవాళ్లను మాయం చేశారు అన్నాడు.

ఆ మాట కొట్టిపారేసేది కాదు. కథానాయిక అమేలీ పనిచేసే కఫే పారిస్‌లోని మోమార్త్ గుట్ట మీద ఉంది. ఆ గుట్ట దిగి కాస్త తూర్పుకు నడిస్తే బార్బెస్. ఆఫ్రికా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలతో ఎప్పుడూ కిటకిటలాడే పేట. వాళ్లలో ఎవరికీ ఈ వీధిలో పనిపడలేదా? అయితే కగాన్‌స్కీ అంతటితో ఆగలేదు. వలసలంటే గిట్టని రాజకీయ నాయకుడు లె పెన్‌కు ప్రచార చిత్రం కావలసి వస్తే ఇదే అక్కరకొస్తుందన్నాడు. అక్కడ తూకం తప్పాడు.

కూరగాయల కొట్లో పనికుర్రాడు లూసియెన్‌గా వేసిన జమేల్ దెబ్బూజ్ మొరాకో నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టినవాడు. యజమాని కొలిన్యో వాణ్ని పదిమందిలో గేలి చేస్తే అమేలీ ఊరుకోదు. మారుతాళం చేయించి అతనింట్లో దూరుతుంది. టూత్‌పేస్టు ఉండాల్సిన చోట పాదాల క్రీము పెడుతుంది, అలారం తెల్లవారుజామున మోగేట్టు తిప్పుతుంది, ఇంట్లో వేసుకునే చెప్పులకు బదులు కాలికి ఇరుకయ్యేవి పెడుతుంది. పనికుర్రాడి తరఫున ఇంత ఓపిగ్గా కక్ష తీర్చుకునే సినిమా లె పెన్‌కు ఏం పనికొస్తుంది? కాకపోతే ఆ కుర్రాడికి అరబ్బు పేరు పెట్టడానికి చెయ్యి రాలేదు. ఆ మార్కు కగాన్‌స్కీదే.

నన్ను గుచ్చేది మరొకటి. అమేలీ ప్రియుడు నీనో చేసే పనేమిటి? ఫోటో బూత్‌ల దగ్గర జనం నచ్చక చించి పారేసిన ఫోటోలు ఏరి, ముక్కలు అతికించి ఆల్బమ్‌లో దాచుకోవడం. సినిమా మొత్తంలో నాకు నచ్చిన ఊహ అదే. అలాంటి పిచ్చివాణ్ని ప్రేమించిన దర్శకుడు తన వీధిలోంచి మాత్రం కార్లు తీయించాడు, గోడల మీద రాతలు చెరిపించాడు. పారేసినవి ఏరుకునే కథను ఊడ్చిన వీధిలో తీశాడు!

కాన్ చిత్రోత్సవం వద్దన్న ఈ సినిమాకు మరుసటేడు ఫ్రాన్స్ సీజర్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం బహుమతి వచ్చింది. అయిదు ఆస్కార్ నామినేషన్లలో ఒక్కటీ దక్కలేదు. 2002 ఏప్రిల్‌లో లె పెన్ అధ్యక్ష ఎన్నికల్లో రెండో రౌండు దాకా వచ్చాడు, ‘అమేలీ’ పుణ్యమా అని మాత్రం కాదు. ఈసారి చూసేటప్పుడు అమేలీగా వేసిన ఆద్రే తోతూ ముఖం మీంచి కాసేపు కళ్లు తిప్పి, ఆమె వెనకున్న వీధిని కూడా చూడండి.