రెండంకె మీద గుర్తు మారింది

ఆ లెక్కల మాస్టారికి డెబ్భై రెండేళ్లు. పంతొమ్మిదో ఎక్కం మధ్యలో ఎక్కడడిగినా తడుముకోకుండా చెబుతారు. అలాంటాయన సొంత పాస్‌వర్డ్ మర్చిపోయానని మంచం ఎక్కారు.

కంప్యూటర్ పాతది కాదు, అందులోని విండోస్ 10 పాతబడింది. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు మద్దతు ఆగిపోయింది. మేనల్లుడు వచ్చి పాతది తుడిచేసి విండోస్ 11 ఎక్కించాడు. మధ్యలో కీబోర్డు ఏదని అడిగితే, ‘మనం చదువుకున్నది బ్రిటిషు ఇంగ్లీషే కదా’ అనుకుని యునైటెడ్ కింగ్‌డమ్ అన్నచోట నొక్కాడు. కాఫీ తాగి వెళ్లిపోయాడు.

మర్నాడు మెయిల్ తెరుచుకోలేదు. భార్య ముద్దుపేరు, పెళ్లయిన సంవత్సరం, మధ్యలో ‘ఎట్’ గుర్తు. పదేళ్లుగా అదే పాస్‌వర్డ్. కొడితే తప్పంది. మళ్లీ కొట్టారు. మళ్లీ తప్పే. బ్యాంకు వాళ్లదైతే మూడోసారికి ఖాతాకి తాళమే వేసింది. తెర మీద పడేవన్నీ నల్లటి చుక్కలు. చుక్కల్ని చూసి ఎవరు మాత్రం తప్పు పట్టగలరు? కంప్యూటర్ తెరిచేటప్పుడు కొట్టే పిన్‌లో అంకెలే కాబట్టి అదొక్కటీ బాగానే పనిచేసింది. అందుకే కీబోర్డు మీద అనుమానం రాలేదు, తన మీదే వచ్చింది.

వాళ్ల అన్నగారు ఆఖరి నాలుగేళ్లూ కన్నబిడ్డల పేర్లు కూడా గుర్తులేకుండా బతికారు. ఆ మాట మాస్టారు పైకి అనలేదు. రాత్రిళ్లు మాత్రం ఎప్పటిదో ఏడో తరగతి హాజరుపట్టీ వరసగా గొణుక్కునేవారు. పక్క మంచం మీద ఆవిడ వింటూనే ఉంది. “ఏమండీ, ఒంట్లో బాగాలేదా?” అంటే “ఏం లేదు, పడుకో” అనేవారు.

సంక్రాంతి సెలవులకి మనవరాలు వచ్చింది. ఫొటోలు పంపమని తన మెయిల్ చిరునామా చెప్పి తాతయ్యని కొట్టమంది. చిరునామా చుక్కల్లో కాదు, అక్షరాల్లో కనిపిస్తుంది కదా.

“తాతయ్యా, రెండు మీద కొడితే కొటేషన్ పడుతోందేంటి?”

ఆ పిల్ల నోట్‌ప్యాడ్ తెరిచి షిఫ్ట్ పట్టుకుని ఒక్కో కీ నొక్కింది. మూడు మీద బ్రిటిషు పౌండు గుర్తు పడింది. కొటేషన్ ఉండాల్సిన కీ నొక్కితే ‘ఎట్’ వచ్చింది.

కీబోర్డు అక్షరాన్ని పంపదు. ఎన్నో కీ నొక్కారో మాత్రమే చెబుతుంది. దాన్ని ఏ అక్షరంగా చదవాలో తేల్చేది లోపలి విండోస్. మన బజార్లో దొరికే కీబోర్డుల మీద సాధారణంగా ఉండేది అమెరికా వరస. బ్రిటన్ వరసలో ఈ రెండు గుర్తులూ తారుమారవుతాయి. నిజానికి పాత టైపు మిషన్లలో చాలావాటికి కొటేషన్ గుర్తు రెండంకె మీదే ఉండేది. అమెరికాలో ఎలక్ట్రిక్ టైపు మిషన్లు దాన్ని అక్కణ్నించి కదిలించాయి. బ్రిటన్ కదిలించలేదు. ఆ సంగతి చెబితే మాస్టారు, “మా టైపు ఇన్‌స్టిట్యూట్ మిషన్ కూడా అంతే!” అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయన గొంతు పెద్దదైంది.

సరిచేయడానికి రెండు నిమిషాలు పట్టింది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్. ఇంగ్లీషు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి లాంగ్వేజ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి యూఎస్ కీబోర్డు చేర్చాలి. తర్వాత యునైటెడ్ కింగ్‌డమ్‌ది తీసెయ్యాలి. తీయకుండా వదిలేస్తే విండోస్ కీ, స్పేస్ బార్ పొరపాటున కలిపి నొక్కినప్పుడల్లా మళ్లీ అదే గొడవ. తెలుగు కీబోర్డు కూడా పెట్టుకున్న ఇళ్లలో పాస్‌వర్డ్ కొట్టేముందు తెర కింద కుడిమూల ఏ భాష ఉందో ఓసారి చూసుకోవడం మేలు. కీలు అసలు పడకుండా మొరాయిస్తుంటే అది వేరే జబ్బు. కుడి షిఫ్ట్‌ని ఎనిమిది సెకన్లు నొక్కిపడితే ఫిల్టర్ కీస్ అనేది మేలుకుంటుంది. యాక్సెసబిలిటీలోకి వెళ్లి దాన్ని ఆపెయ్యాలి.

మాస్టారు పాస్‌వర్డ్ కొట్టారు, మనవరాల్ని అటు తిరగమని. మెయిల్ తెరుచుకుంది. ఆయన పెరట్లోకి వెళ్లి ఆవిడతో ఏదో చెప్పారు. ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని, “ఇన్నాళ్లూ నాతో ఒక్క మాటంటే ఏం పోయింది?” అని గట్టిగానే కేకలేసింది.

బ్యాంకు ఖాతా తాళం మాత్రం ఇంకా రాలేదు. సోమవారం పాస్‌బుక్కూ, ఆధార్ కార్డూ పట్టుకుని వెళ్లాలి.