మనం దిగిపోయాం

ఇంగ్లండులో ఉంటానని తెలియగానే మన కుర్రాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "అంకుల్, మీదే టీము?" అని. మాంచెస్టర్ యునైటెడ్ అనో, లివర్‌పూల్ అనో, ఆర్సెనల్ అనో చెబుతానని చూస్తారు. నేను "కార్లైల్ యునైటెడ్" అంటాను. అలాంటి టీము కూడా ఒకటుందా అన్నట్టు మొహం పెడతారు. ఉంది బాబూ. 1904 నించీ ఉంది. కాకపోతే ఎక్కువ కాలం కింది మెట్ల మీదే ఉంది.

కార్లైల్ ఇంగ్లండుకి వాయవ్య మూల, స్కాట్లండు సరిహద్దుకి పది మైళ్ళ దూరంలో ఉన్న ఊరు. ఈడెన్, కాల్డ్యూ, పెటెరిల్ అని మూడు నదులు, ఓ పాత కోట, ఓ రైల్వే జంక్షను, ఓ బిస్కట్ల ఫ్యాక్టరీ. మా కాకినాడతో పోలిస్తే చాలా చిన్నది. పెద్ద ఊరు చూడాలనిపిస్తే గంట పైన ప్రయాణం చేసి న్యూకాసిల్ వెళ్ళాలి. 1998 ఆగస్టులో మేం దిగేసరికి మాకు తెలిసిన తెలుగు కుటుంబం మాదొక్కటే. నేనూ, మా ఆవిడా, నాలుగేళ్ళ మా అబ్బాయీ.

క్రికెట్ అలవాటున్న మనకి ఇక్కడి ఫుట్‌బాల్ పద్ధతి కాస్త విడమరిచి చెప్పాలి. ఐపీఎల్‌లో అందరికన్నా ఆఖరున నిలిచిన జట్టు మరుసటేడు మళ్ళీ అదే ఐపీఎల్‌లో ఆడుతుంది. ఇక్కడ అలా కుదరదు. నాలుగు మెట్లు, 92 క్లబ్బులు. ఏడాది చివర పైవాళ్ళు పై మెట్టుకి, అడుగున ఉన్నవాళ్ళు కింది మెట్టుకి. దాన్నే రెలిగేషన్ అంటారు. నాలుగో మెట్టు మీద 24 క్లబ్బులు, ఒక్కోదానికి 46 ఆటలు. ఆ రోజుల్లో అక్కడ ఆఖరున తేలిన ఒక్క క్లబ్బు లీగ్‌లోంచే బయటికి పోయేది. బయటికి పోతే డబ్బు తగ్గుతుంది, ఆటగాళ్ళు వెళ్ళిపోతారు, టిక్కెట్లు చింపేవాళ్ళ దగ్గర్నించీ గడ్డి కత్తిరించేవాళ్ళ దాకా ఉద్యోగాలకి గండం. చిన్న ఊరికి ఇంకో నష్టం కూడా ఉంది. దేశంలో దాని పేరు వినపడేదే ఆ 92లో ఒకటిగా.

ఆ ఏడు కార్లైల్ పరిస్థితి అదీ. 1928 నించీ లీగ్‌లో ఉన్న క్లబ్బు. 1974లో పై మెట్టు దాకా ఎక్కి, మొదటి మూడు ఆటలూ గెలిచి, దేశమంతటికీ పైన కొన్నాళ్ళు కూర్చుని, అదే సీజను చివర అడుగున తేలి దిగిపోయిన ఘనత కూడా ఉంది. ఆ ముచ్చట ఊళ్ళో పెద్దవాళ్ళు నిన్న జరిగినట్టు చెబుతారు.

నాకు ఇదంతా చెప్పింది మా వార్డులో స్ట్రెచర్లు తోసే పోర్టరు. అరవైకి దగ్గర పడినవాడు. నన్ను "డాక్" అనేవాడు. శనివారం సాయంత్రం డ్యూటీలో ఎదురైతే, "వియ్ లాస్ట్ అగైన్, డాక్" అని మొహం వేలాడేసుకుని వెళ్ళిపోయేవాడు. ఇంగ్లీషులో ఉన్న చిక్కు అదే. "వియ్" అంటే అందులో నేనున్నానో లేదో తెలీదు. తెలుగులో అయితే తేల్చి చెప్పక తప్పదు. మేం ఓడిపోయాం అంటే నువ్వు బయటివాడివి. మనం ఓడిపోయాం అంటే రా, కూర్చో, కలిసి ఏడుద్దాం అని.

అప్పట్లో నేను "మనం" అనుకునే స్థితిలో లేను. మాలాంటివాళ్ళకి ఇచ్చేవి ఆరేసి నెలల ఉద్యోగాలు. ఫిబ్రవరిలో ఒకటి అయిపోతుంది, ఆగస్టులో ఇంకోటి. ఒకటి మొదలుపెట్టిన నెలకే తర్వాతి దానికి అప్లికేషన్లు పంపడం మొదలు. మా ఇంట్లో సగం అట్టపెట్టెలు విప్పనే లేదు. మా ఆవిడ ప్రెషర్ కుక్కర్ ఒకటీ పైన ఉంచి, మిగతా స్టీలు సామానంతా పెట్టెల్లోనే ఉంచేసింది. "విప్పడం, కట్టడం ఎందుకండీ" అనేది. ఆ వసంతంలో నేను బర్మింగ్‌హామ్‌కీ, లీడ్స్‌కీ, ఇంకా మ్యాపులో చూసుకుంటే తప్ప తెలియని ఊళ్ళకీ కలిపి ముప్పై దాకా అప్లికేషన్లు పంపాను. మా అబ్బాయికి మాత్రం పక్కింటివాళ్ళు నీలం రంగు మఫ్లరు ఒకటి ఇచ్చారు. వాడు దాన్ని మెళ్ళోంచి తీసేవాడు కాదు.

సీజను చివరికొచ్చేసరికి కార్లైల్‌కి గోల్‌కీపరే లేకుండా పోయాడు. ఉన్నవాణ్ణి అమ్మేశారు. అరువు తెచ్చుకున్నవాణ్ణి వాళ్ళ క్లబ్బు వెనక్కి పిలిపించుకుంది. ఆటగాళ్ళని మార్చుకునే గడువు దాటిపోయింది. ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకుని, స్విండన్ టౌన్ నించి జిమ్మీ గ్లాస్ అనే అతన్ని చివరి మూడు ఆటల కోసం అరువు తెచ్చుకున్నారు. మా పోర్టరు ఆ కబురు చెప్పి, "హి ఈజ్ లైక్ యూ, డాక్. టెంపరరీ" అని నవ్వాడు. అందులో వెటకారం లేదు. ఉన్న మాటే.

1999 మే 8, శనివారం. ఆఖరి ఆట, మా ఊళ్ళోనే, బ్రంటన్ పార్కులో, ప్లిమత్ ఆర్గైల్ మీద. అప్పటికి కార్లైల్‌కి 46 పాయింట్లు, దానికి పైన ఉన్న స్కార్‌బరోకి 47. మిగతా రెండు క్లబ్బుల లెక్క ఆ ఒక్క పాయింటు దగ్గర ఆగింది. పోర్టరు నాకూ మా అబ్బాయికీ టిక్కెట్లు తెచ్చాడు. నిలబడే స్టాండులో చాలామంది చెవుల దగ్గర చిన్న రేడియోలు. కళ్ళు ఇక్కడ, చెవులు స్కార్‌బరోలో.

ఇంటర్వెల్ తర్వాత ప్లిమత్ ముందు గోల్ కొట్టింది. తర్వాత డేవిడ్ బ్రైట్‌వెల్ దూరం నించి ఒకటి కొట్టి సమం చేశాడు. ఇంతలో రేడియోల్లో కబురు: స్కార్‌బరో 1-1తో డ్రా, ఆట అయిపోయింది, అక్కడి జనం సంబరాలతో గ్రౌండులోకి దిగేశారు. ఇక్కడ డ్రా అయితే చాలదు. గెలవాలి. అదనంగా ఇచ్చిన నాలుగు నిమిషాలూ కరిగిపోతున్నాయి. కార్నర్ దొరికింది. అరువు గోల్‌కీపరు తన గోలు వదిలేసి, గ్రౌండంతా అడ్డంగా పరిగెత్తుకుంటూ అవతలి గోలు ముందుకి వెళ్ళిపోయాడు. బంతి గాల్లోకి లేచింది. స్కాట్ డోబీ తలతో కొట్టాడు. ప్లిమత్ కీపరు ఆపాడు గానీ బంతి చేతుల్లోంచి జారి ముందుకి పడింది. అది పడ్డచోట ఉన్నది జిమ్మీ గ్లాస్. కాలితో ఒక్క తన్ను.

తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను. నా చెయ్యి ఎవరి చేతిలో ఉందో, మా అబ్బాయి ఎవరి భుజాల మీదున్నాడో తెలీలేదు. తేరుకుని చూస్తే వాడు పోర్టరు భుజాల మీదున్నాడు. ఆయన ఏడుస్తున్నాడు. 49 పాయింట్లు మాకు, 48 స్కార్‌బరోకి. క్లబ్బు లీగ్‌లో నిలబడింది.

కథ ఇక్కడితో ఆపేస్తే సినిమాలా ఉంటుంది. ఎందరో అక్కడే ఆపేస్తారు కూడా. కానీ మా వార్డులో స్కార్‌బరో నించి వచ్చిన నర్సు ఒకావిడ ఉండేది. సోమవారం పొద్దున వార్డంతా కేకులు పంచుతుంటే ఆవిడ పళ్ళెం పక్కకి జరిపి, మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయింది. ఎంసెట్ రాసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒక్క మార్కు తేడాతో సీటు వచ్చిన ఇంట్లో పండగైతే, అదే మార్కు తేడాతో పోయిన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. మొదటి ఇంటివాళ్ళకి రెండో ఇల్లు గుర్తు రాదు, అంతే. స్కార్‌బరో 1879 నాటి క్లబ్బు. మళ్ళీ లీగ్‌లోకి రాలేదు. అప్పుల్లో కూరుకుపోయి 2007లో మూతపడింది. అప్పుడు అక్కడి జనం తలా కాస్తా వేసుకుని, తామే యజమానులుగా స్కార్‌బరో అథ్లెటిక్ అని కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. ఊళ్ళో గ్రౌండు లేక, 2017 దాకా, పదేళ్ళపాటు, పొరుగున ఉన్న బ్రిడ్లింగ్టన్‌లో ఆడారు. తమ ఊరి జట్టు 'సొంత గ్రౌండు' ఆట చూడ్డానికి పదేళ్ళు పక్క ఊరికి వెళ్ళొచ్చిన జనం అన్నమాట. నాకు జిమ్మీ గ్లాస్ గోల్ ఎంత గుర్తో వీళ్ళూ అంత గుర్తు.

ఆ గ్లాస్ కూడా కార్లైల్‌కి ఆడింది ఆ మూడు ఆటలే. కొన్నేళ్ళకే ఆట మానేసి, తర్వాత డోర్సెట్‌లో టాక్సీ నడిపాడు. నాకు మాత్రం మళ్ళీ ఆరు నెలలు ఇచ్చారు, ఆపైన ఇంకో ఏడాది, ఆ తర్వాత స్థిరమైన పోస్టు. అట్టపెట్టెలు ఒక్కొక్కటే విప్పాం.

2004 వసంతంలో మా మామగారు వచ్చారు. ఆయన ఉద్యోగమంతా హైదరాబాదులోనే. ఆ ఏడు సీజను మొదటి సగం వరసగా ఓడి, రెండో సగంలో కోలుకున్నా చాలక, 76 ఏళ్ళ తర్వాత కార్లైల్ లీగ్‌లోంచి దిగిపోయింది. ఆ చివరి రోజుల్లో ఒక ఆటకి ఆయన్ని తీసుకెళ్ళాను. చలికి రెండు స్వెట్టర్లు, పైన మంకీ క్యాపు. ఆట అయ్యాక జనం లేచి నిలబడి జట్టుకి చప్పట్లు కొట్టారు.

"ఓడిపోయేవాళ్ళకి ఇదేవిటండీ అల్లుడుగారూ?" అన్నారు.

దార్లో ఆయనే మాట్లాడారు. కుర్రతనంలో ఫతే మైదానంలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆట చూశారట. ఆ జట్టు 1950 నించి 54 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. దాని కోచ్ రహీం సాబ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశాన్ని నాలుగో స్థానానికి తీసుకెళ్ళిన ఎస్.ఎ. రహీం ఆయనే. 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం కూడా ఆయన చలవే. "అంత గొప్ప జట్టు, గెలిచినన్నాళ్ళూ మావాళ్ళు మావాళ్ళు అన్నాం. ఓడడం మొదలెట్టాక చూడ్డం మానేశాం. ఎప్పుడు మానేశామో కూడా గుర్తులేదు" అన్నారు మామగారు.

ఆయన పోయాక జరిగిన సంగతి ఒకటి. హైదరాబాద్ ఎఫ్‌సీ అని కొత్త క్లబ్బు వచ్చి, 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. 2025లో అది చేతులు మారి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. మెట్టు దిగలేదు, మూతపడలేదు, ఊరే మారిపోయింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మామగారి స్వెట్టర్లూ, ఆ చప్పట్లూ గుర్తొచ్చాయి. దిగిపోవడానికి కూడా ఓ ఊరు ఉండాలి కదా అనిపించింది.

కార్లైల్ ఆ మరుసటేడే లేచింది. 2005 జనవరిలో ఈడెన్ నది పొంగి ఊరు మునిగింది, ప్రాణాలు పోయాయి. బ్రంటన్ పార్కు చెరువైంది. కొన్నాళ్ళు మోర్‌కంబ్ వెళ్ళి ఆడారు. అయినా ఆ మే నెలలో మళ్ళీ లీగ్‌లోకి వచ్చారు. 2015 డిసెంబరులో మళ్ళీ వరద. మళ్ళీ పై ఊళ్ళలో ఆటలు. ఆ రోజుల్లో వార్విక్ రోడ్డులో ఇళ్ళ ముందు తడిసిన సోఫాలూ, కార్పెట్లూ గుట్టలుగా పడున్నాయి. వాటి మధ్యనించే జనం స్కోర్లు అడుక్కునేవారు. 2023లో వెంబ్లీలో పెనాల్టీల మీద గెలిచి ఒక మెట్టు ఎక్కాం. 2024లో దిగాం. 2025లో ఇంకో మెట్టు, లీగ్ బయటికే. రెండేళ్ళలో రెండు మెట్లు. ఈసారి కార్నరూ రాలేదు, అరువు గోల్‌కీపరూ రాలేదు.

ఆ సాయంత్రం లండన్ నించి మా అబ్బాయి ఫోన్ చేశాడు. వాడి తెలుగు ఇంట్లో నేర్చుకున్న తెలుగు. 'మేము', 'మనము' చిన్నప్పటినించీ తారుమారు చేసేవాడు. "మనం సినిమాకి వెళ్తున్నాం, నువ్వు రావద్దు" అనేవాడు తల్లితో. ఆవిడ నవ్వలేక చచ్చేది.

"నాన్నా, మనం దిగిపోయాం" అన్నాడు.

ఈసారి మాట సరిగ్గానే పడింది. నేను దిద్దలేదు.

"మళ్ళీ టిక్కెట్టు కొంటావా?" అని అడిగాడు. కొన్నాను. ఆగస్టులో కొత్త మెట్టు మీద ఆటలు మొదలయ్యాయి. పోర్టరుకి ఎనభై దాటి, మోకాళ్ళు సహకరించక రావడం మానేశాడు. ఆట అవగానే కారులో కూర్చుని ఆయనకి ఫోన్ చేసి స్కోరు చెప్పే పని నాది. ఆయన అడిగేది ఒక్కటే, "హౌ డిడ్ వియ్ డూ, డాక్?" అని.