కరెంటు తీగ మీద గమకం

కూచిపూడి అనగానే ఎవరికైనా గజ్జెలు గుర్తుకొస్తాయి. మా ఇంట్లో మాత్రం గజ్జె కట్టినవారెవరూ లేరు. మాది సేద్యం. సార్వాకు వరి, ఆ వరి కోయకముందే చేలో చల్లే మినుములు, ఇదే మాకు తెలిసిన తాళం! అయినా ఆ ఊళ్లో పుట్టాక చెవులు ఊరుకుంటాయా? పొలం నుంచి వస్తుంటే ఏదో ఒక ఇంట్లోంచి నట్టువాంగం, ఫిడేలు వినబడుతూనే ఉంటాయి.

నాకు పట్టిన పిచ్చి వేరు. హెవీ మెటల్. హాస్టల్లో మిత్రుడొకడు బ్లాక్ సబాత్ వినిపించాడు. ఆ బృందపు గిటారిస్టు టోనీ అయోమీ బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో పనివాడు. 1965లో మిషనులో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతివాటం మనిషి కనుక తీగలు నొక్కవలసింది ఆ చేత్తోనే! ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సులువుగా వంగే సన్నని తీగలు బిగించుకున్నాడు. 1970లో తొలి రికార్డు వచ్చింది. 1989 నాటి 'హెడ్‌లెస్ క్రాస్'కు నిర్మాతల్లో ఒకడు కూడా.

గిటారు కొనిపెట్టమంటే మా నాన్న ఒకటే మాట: "కరెంటు పెట్టి వాయించేది సంగీతమేంట్రా? అదే కరెంటు మోటారుకు పెడితే నీళ్లన్నా పడతాయి."

నాన్నకు చెప్పదగ్గ జవాబు నాకు మా దగ్గరలోనే దొరికింది. పామర్రులో బస్సు మారితే గుడివాడ. 1978లో అక్కడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో పాలకొల్లు నుంచి వచ్చిన తొమ్మిదేళ్ల కుర్రాడు తొలి కచేరీ చేశాడు. ఆయనే మాండొలిన్ శ్రీనివాస్. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగ మీద పలికించేవాడు.

మాండొలిన్‌కు నాలుగు జతల తీగలు. మీటగానే నాదం పుట్టి చప్పున చచ్చిపోతుంది. మన రాగానికేమో స్వరం ఊగాలి, జారాలి, దానికి కాస్త వ్యవధి కావాలి. శ్రీనివాస్ జతలు మానేసి అయిదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. ఇందులో ఉన్నది మన ఫిజిక్సు ల్యాబులోని సంగతే. అయస్కాంతం, చుట్టూ సన్నని రాగితీగ చుట్ట. పైన ఉక్కుతీగ కదిలితే అభివాహం మారి చుట్టలో పిసరంత విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం ఇదే. ఆంప్లిఫయరు దాన్ని పెంచడం వల్ల అణగిపోతున్న నాదం కూడా మన చెవిని చేరుతుంది. ఆ కాస్త సమయంలోనే వేలు తీగను పక్కకు లాగి గమకం పలికిస్తుంది. అయోమీ తీగ లాగేదీ అలాగే. గమకాన్ని పుట్టించేది వేలు, కరెంటు దాన్ని మోసుకొస్తుందంతే.

పరదేశి వాయిద్యమని కొందరు ముఖం చిట్లించారట. రెండు వందల ఏళ్ల కిందట కచేరీకెక్కిన ఫిడేలును మరి ప్యాసుపోర్టు అడిగేవారెవరు?

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి శ్రీనివాస్‌కు పద్నాలుగేళ్లు. 1995లో కెనడా గిటారిస్టు, రికార్డు నిర్మాత మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' చేశారు. తరువాత జాన్ మెక్లాఫ్లిన్ 'రిమెంబర్ శక్తి'లో చేరారు. 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో పోయారు, నలభై అయిదేళ్లకే. నేనప్పుడు ఊరి బళ్లో చదువుతున్నాను. ఆయన్ని ఎదురుగా వినలేకపోయానన్న దిగులు నాకు ఇప్పటికీ ఉంది.

మొన్న సెలవుల్లో గట్టు మీద కూర్చోబెట్టి నాన్నకు సెల్‌ఫోనులో ఆయన వాయించిన కృతి ఒకటి పెట్టాను. తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకుని చివరిదాకా విన్నాడు.

"ఇందులో కరెంటు ఎక్కడుందిరా?" అన్నాడు.

గిటారు సంగతి మాత్రం మినుములు అమ్మాక చూద్దామన్నాడు. మినుముకు ఈ ఏడు పల్లాకు తెగులు తగిలింది.