అల ఆకారపు విడిది

దుబాయి సముద్రతీరాన, జుమైరా ప్రాంతంలో, ఎగసే అలను తలపించే హోటల్ ఒకటి ఉంది. 1997లో ప్రారంభమైన 26 అంతస్తుల జుమైరా బీచ్ హోటల్ అది. దానికి చేరువలో, మానవ నిర్మిత దీవిపై, 1999లో వెలసిన బుర్జ్ అల్ అరబ్ తెరచాపలా నిలిచి ఉంటుంది. రెంటినీ కలిపి చూస్తేనే రూపశిల్పుల ఊహ బోధపడుతుంది. నిత్యం కొత్త కట్టడాలు లేచే ఆ నగరంలో, పాతికేళ్లు దాటిన ఈ హోటల్ పాతవాటి కిందే లెక్క. గత శీతాకాలంలో మేము సకుటుంబంగా అక్కడ రెండు రాత్రులు బస చేశాము.

ఈ అల, తెరచాప కేవలం అలంకారాలు కావు. 1966లో చమురు బయటపడక ముందు ఆ తీరవాసులకు సముద్రమే జీవనాధారం. వేసవి నెలల్లో తెరచాప పడవలెక్కి ముత్యాల వేటకు వెళ్లేవారు. ముక్కుకు బిగింపు పెట్టుకుని, కాలికి బరువైన రాయి తగిలించుకుని, ఊపిరి బిగబట్టి సాగరగర్భంలోకి దిగేవారు. పడవ నాయకుని వద్ద తీసుకున్న అప్పు తీరక ఏటేటా అదే పడవ ఎక్కినవారు ఎందరో! 1930లలో జపాన్ పెంపకపు ముత్యాల పోటీకి ప్రపంచ ఆర్థిక మాంద్యం తోడై ఆ వృత్తిని కూల్చివేసింది.

మాతో వచ్చిన మామూకు అప్పు, వలస అంటే ఏమిటో వివరించవలసిన పని లేదు. 1995లో నిజామాబాద్ జిల్లా నుండి అప్పు చేసి దుబాయి వెళ్లి, భవన నిర్మాణాల్లో ఇనుపకడ్డీలు కట్టే పనిలో పద్దెనిమిదేళ్లు గడిపారాయన. కార్మికుల బస్సు కిటికీలోంచి ఈ అల ఒక్కొక్క అంతస్తుగా పైకి లేవడం చూశారు. లోపలికి అడుగుపెట్టడం మాత్రం ఇదే మొదటిసారి. అక్కడే ఇంజనీరుగా పనిచేస్తున్న ఆయన కుమారుడు ఈ బస ఏర్పాటు చేశాడు.

మొదటి సాయంత్రం మామూ వంపు తిరిగిన గోడను చేత్తో తడిమి, "నిటారు గోడకు ఒక కొలత చాలు. ఇలాంటి దానికి ప్రతి అంతస్తులోనూ కొలత తీయాలి" అని పిల్లలకు చెప్పారు. పిల్లలు ఆయన చేతులను ఆశ్చర్యంగా చూశారు. మఘ్రిబ్ నమాజు ముగిశాక సముద్రాన్ని చూస్తూ, "పద్దెనిమిదేళ్లలో ఆరుసార్లే ఇంటికి వచ్చాను. అమ్మీ జనాజాకు అందుకోలేకపోయాను" అన్నారు. ఈ మాట ఆయన నోట మేము ఎన్నడూ వినలేదు.

గల్ఫ్ నుండి తిరిగి వచ్చిన పెద్దలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. వారు తెచ్చిన అత్తరు సీసాలు, దుప్పట్లు మనకు గుర్తున్నాయి. వారు అక్కడ గడిపిన దినాల గురించి మాత్రం మనం అడగము. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి అడుగుదాం. వారి శ్రమకు అల్లాహ్ ఉత్తమ ప్రతిఫలం ప్రసాదించుగాక!