గాలిని గెలిచిన తోట

ఇన్వర్‌నెస్ నుంచి స్కాట్లాండ్ పడమటి తీరానికి కారులో వెళ్తుంటే దారి పొడవునా బోడి కొండలు, బురద నేలలు, గొర్రెలు. లాక్ మరీ సరస్సు ఒడ్డున పైన్ చెట్లు కనిపించి కాస్త ప్రాణం లేచొచ్చింది గానీ, అవి దాటాక మళ్ళీ రాళ్ళే. మే నెలలోనూ ఒంటి మీది స్వెటర్ తీయలేదు నేను.

"ఈ చలిలో పూలతోటేమిటే?" అన్నాను. "చూస్తారుగా పెదనాన్నా" అంది మా తమ్ముడి కూతురు, స్టీరింగ్ వదలకుండా.

పూల్యూ ఊరి పక్కనే ఇన్వర్యూ తోట. మాస్కో కంటే ఉత్తరాన ఉంది. అయినా అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం పుణ్యమా అని ఇక్కడ చలికాలం అంత కరకుగా ఉండదట. చాలామంది అక్కడితో ఆగిపోతారు, వెచ్చని నీళ్ళే తోట పెంచాయన్నట్టు. నాకది సగం మాటే అనిపించింది. అదే నీరు తాకే చుట్టుపక్కల కొండలు బోడిగానే ఉన్నాయి కదా!

అసలు శత్రువు గాలి. ఏడాదంతా ఆకులుండే పొదకు చలికాలంలోనూ ఆకుల్లోంచి నీరు పోతూనే ఉంటుంది. నేల గడ్డకడితే వేళ్ళు నీరందించలేవు. పైన ఈదురుగాలి, దానికి తోడు సముద్రపు ఉప్పు. మొక్క చలికి చచ్చిందనుకుంటాం గానీ, చాలాసార్లు అది దాహంతో చస్తుంది.

ఈ తోట వేసిన ఆస్గుడ్ మెకంజీ ఆ సంగతి కనిపెట్టాడు. 1862లో వాళ్ళమ్మ కొనిచ్చిన ఈ ఎస్టేటులో చెట్టూ లేదు, సరైన మన్నూ లేదు. బుట్టలతో మట్టి మోయించాడు. పూలమొక్కల జోలికి పోకుండా ముందు గాలికి అడ్డంగా పైన్ చెట్లు నాటించి, అవి ఎదిగేదాకా ఏళ్ళ తరబడి ఆగాడు. ఆ ఓపికకే దండం పెట్టాలి.

ఆ చెట్ల చాటుకు వెళ్ళగానే గాలి హోరు తగ్గిపోయింది. హిమాలయాల నుంచి వచ్చిన రోడోడెండ్రాన్లు విరగబూసి ఉన్నాయి. న్యూజిలాండ్ పొద ఒలేరియా ఆకు ఒకటి తిప్పి చూశాను. పైన నున్నగా, ఆకుపచ్చగా ఉంది. అడుగున మాత్రం తెల్లని మెత్తని నూగు. నీటిని కాపాడుకునేందుకు ఆకు చేసుకున్న ఏర్పాటది.

అయితే దాహాన్ని ఓర్చుకునే ప్రతి మొక్కా ఇక్కడి చలికి తట్టుకోదు. మన హైవే డివైడర్ల మీద నీళ్ళు పోసే దిక్కులేకుండా పూసే గన్నేరును మా తమ్ముడి కూతురు ఇన్వర్‌నెస్‌లో కుండీలో పెట్టి, చలికాలమంతా అద్దాల గదిలో సాకుతోంది. "బయట పెడితే బతకదు పెదనాన్నా" అంటుంది.

మెకంజీ 1922లో పోయాడు. కూతురు మైరీ సాయర్ 1952లో తోటను నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్‌కు అప్పగించింది. వెళ్ళేవాళ్ళు మే నెల మొదట్లోనే వెళ్ళండి. ఆలస్యం చేస్తే మిడ్జ్ అనే దోమల్లాంటి చిన్న పురుగులు మొహం మీదే కాపురం పెడతాయి.